గోజీ పండ్ల నీళ్ళు, గుండె మాత్ర

గుండె లయ తప్పి కొట్టుకుంటున్నందున నేను చాలాకాలంగా వార్ఫరిన్ అనే, రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర ఉండగా అక్కడి చలికాలంలో నాకు నిమోనియా సోకింది. ఆసుపత్రిలోని సూదులు, సెలైన్లు అందరూ ఎరిగినవే. చెప్పుకోవలసింది ఇంటికి వచ్చాక జరిగింది.

నోటికి ఏదీ సహించని ఆ రోజుల్లో పక్క ఫ్లాటులోని పెద్దావిడ, మా అబ్బాయి ‘పోపో’ అని పిలిచే ఆవిడ, పొద్దున్నే మూతపెట్టిన గిన్నెతో వచ్చేది. గుప్పెడు బియ్యాన్ని బోలెడు నీళ్ళలో గింజ విచ్చిపోయేదాకా సన్నని సెగమీద ఉడికించి, అల్లం, తెల్ల పెండలం, ఎండిన ఎర్ర రేగుపళ్ళు వేసిన జావ అది. మన పత్యపు గంజికి దూరపు చుట్టం. వయసు మీరినవారికి చల్లనివీ పచ్చివీ పెట్టకూడదనీ, అన్నీ మెత్తగా వెచ్చగా ఉండాలనీ, కడుపు పదింట ఏడు పాళ్ళు నిండగానే చెంచా దించాలనీ ఆవిడ నియమం. వేడి చేసేవి, చలవ చేసేవి అన్న లెక్క మనకూ ఉంది కనుక, భాష రాకపోయినా ఆవిడ ఉద్దేశం నాకు తెలిసేది. వైద్యుడు ముందు ఆహారంతో నయం చేయాలనీ, అది కుదరనప్పుడే మందు ఇవ్వాలనీ 7వ శతాబ్దంలో చైనా వైద్యుడు సున్ సిమియావ్ చెప్పిన మాట అక్కడి వంటిళ్ళలో ఇంకా నడుస్తోంది. నన్ను మంచం మీద నుంచి లేపింది ఆ జావే.

ఒంట్లో కాస్త సత్తువ చేరాక, కంటికి మంచిదని ఆవిడ ఫ్లాస్కు నిండా గోజీ అనే చిన్న ఎర్రటి ఎండు పండ్లు నానిన వేడినీళ్ళు ఇవ్వసాగింది. ఒక రాత్రి ముక్కు నుంచి నెత్తురు మొదలై ఎంతకీ ఆగలేదు. తువ్వాలు తడిసింది, రెండోదీ తడిసింది, గొంతులోకి దిగిన నెత్తురు ఉప్పగా తగులుతుంటే నా భార్య ఆంజనేయ దండకం మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదటికి వెళ్ళింది. అంతటితో నా పని అయిపోయిందనే అనుకున్నాను. నెత్తురు గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చెప్పే ఐఎన్ఆర్ అనే లెక్క, నాకు 2 నుంచి 3 మధ్య ఉండవలసింది, 6 దాటిందని ఆసుపత్రిలో తేలింది. వార్ఫరిన్‌కు విరుగుడుగా విటమిన్ కె ఇచ్చి, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, “ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు?” గోజీ వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందనీ, అంతకుముందు వాడిన యాంటీబయాటిక్ కూడా తోడై ఉండవచ్చనీ ఆమె వివరించింది.

ఊరికి తిరిగివచ్చి చూపించుకుంటే, ఏళ్ళ తరబడి నాకు ఆ మాత్ర రాస్తూ తిండి సంగతి ఒక్కసారైనా అడగని మా పెద్ద డాక్టరుగారు కాగితాలు తిరగేసి, “చైనావాళ్ళ గడ్డీ గాదం తాగితే ఇంతేనండీ” అని నవ్వారు. నెత్తురు కారిన రాత్రికన్నా ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధించింది. ప్రాణం పోసిన చేతిని గడ్డి అనడానికి ఆయనకు నోరెలా వచ్చింది? విషయం తెలిసి పోపో గుండెలు బాదుకుని, ఫ్లాస్కు మాన్పించి, జావ మాత్రం మేము బయలుదేరే రోజుదాకా తెచ్చింది. ఆవిడను భగవంతుడే పంపాడని నా భార్య నమ్మకం, నేను కాదనను.

ఇప్పుడు డాక్టరును మార్చాను. రక్తం పలచబడే మందు వాడుతున్న పెద్దలు గోజీయే కాదు, ఏ కషాయం, ఏ పొడి మొదలుపెట్టినా ముందు డాక్టరుకు చెప్పి, ఐఎన్ఆర్ చూపించుకోవాలి. వారు అడగకపోయినా చెప్పాలి.