ఏరు దాటడం ప్యాకేజీలో లేదు

మా నాన్నగారికి స్టెంటు పడి ఏడాది దాటింది. అప్పట్నుంచి మా లంకలో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా "మేష్టారూ, ఆ ఆరోగ్యశ్రీ కార్డు సంగతి ఎలాగండీ" అంటూ మా అరుగు మీదకొస్తున్నారు. ఒక్కొక్కళ్ళకీ మొదట్నుంచీ చెప్పే ఓపిక లేక రాసి పెడుతున్నాను.

మాది పి.గన్నవరం మండలం, గోదావరి పాయల మధ్య లంక. ఎండాకాలం కాజ్‌వే మీద బండేసుకుని ఇట్టే గట్టెక్కేస్తాం. జూలైలో ఎర్రనీరు దిగిందంటే ఇక పడవే గతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక అంటారు, టీవీల వాళ్ళు అప్పుడు దిగుతారు. మా దారి అంతకు ముందే మునిగిపోయి ఉంటుంది.

2024 జూలై వరదల్లో ఒక తెల్లవారుజామున నాన్నగారు గుండెల్లో బరువుగా ఉందన్నారు. ఎడమ చెయ్యి లాగుతోందన్నారు. చెమటకి బనీను తడిసిపోయింది. 108కి ఫోన్ చేస్తే వెంటనే బయల్దేరారు, మాకంటే ముందే ఏటిగట్టు మీదకి వచ్చి నిలబడ్డారు కూడా. వాళ్ళ తప్పేం లేదు, మధ్యలో ఏరుంది. పడవ బాబాయ్‌ని లేపి ఇంజను పడవ ఎక్కించాం. సగం ఏరు దాటాక గుర్రపుడెక్క వచ్చి ఇంజను ఫ్యానుకి చుట్టుకుంది. ఇంజను ఆపేసి, ఆయన వెనక్కి వంగి నీళ్ళలో చెయ్యి పెట్టి ఆ వేళ్ళన్నీ పీకుతుంటే పడవ అడ్డంగా తిరిగి కిందికి కొట్టుకుపోతోంది. నాన్నగారు తుండుగుడ్డ గుండెకి అదుముకుని "తొందర పడకురా, చెయ్యి తెగుద్ది" అని ఆయనకే జాగ్రత్తలు చెబుతున్నారు.

అమలాపురం ఏరియా ఆసుపత్రిలో ఈసీజీ చూడగానే గుండెపోటన్నారు. ముందు నాలుగు మాత్రలు మింగించి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేశారు. టెనెక్టెప్లేస్ అంటారు. బయట కొంటే నలభై వేల పైమాటే, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. నొప్పి మొదలైన దగ్గర్నుంచి ఎంత త్వరగా పడితే అంత పని చేస్తుంది, పన్నెండు గంటలు దాటాక వేసి లాభం లేదు. కాబట్టి మా లంక వాళ్ళకి చెప్పేదేంటంటే, గ్యాసేమోనని సోడా తాగి పడుకోవద్దు. మనకి ఏటి మీద పోయే సమయం ఎలాగూ ఉంది, దానికి ఇంట్లో పోయేది కలపకండి.

అక్కణ్ణుంచి ఎదుర్లంక వంతెన మీదుగా, యానాం దాటి, కాకినాడలో ఒక నెట్‌వర్క్ ఆసుపత్రికి, అంటే ఈ పథకం కింద వైద్యం చేసే ఆసుపత్రికి, చేరాం. ఆ ఆసుపత్రి పేరు రాయను. అసలు కథ అక్కడ మొదలైంది.

లోపలికి తీసుకెళ్తూనే కౌంటర్లో కుర్రాడు పరీక్షలకి డబ్బు కట్టమన్నాడు. పథకం నుంచి అప్రూవల్ వచ్చాక తిరిగిస్తామన్నాడు. అన్నయ్య లుంగీ మడతలోంచి తీసి కట్టేశాడు, ఆ సమయంలో ఎవరైనా కడతారు. తర్వాత వైద్యమిత్ర డెస్కు దగ్గరికెళ్తే (పథకం తరఫున ఆసుపత్రిలో కూర్చుని రోగులకి దారి చూపేవాళ్ళు, అందరూ ఇప్పటికీ ఆరోగ్యమిత్ర అనే పిలుస్తున్నారు) ఆ అమ్మాయి గొంతు తగ్గించి, "కార్డున్నవాళ్ళు పైసా కట్టక్కర్లేదండీ. రసీదు ఉంచుకుని 104 నంబరుకి ఫోన్ చేసి చెప్పండి" అంది. 104కి చెప్పాం. మర్నాడు సాయంత్రానికి ఆ కుర్రాడే వెతుక్కుంటూ వచ్చి, మొహం పక్కకి పెట్టుకుని డబ్బు ఇచ్చేశాడు. రసీదు ఇవ్వని చోట మాత్రం ఈ మంత్రం పనిచెయ్యదు. అందుకే రసీదు లేకుండా రూపాయి కూడా కట్టొద్దు.

ఎమర్జెన్సీ కేసుల్లో ముందు ఫోన్ మీద అనుమతి తీసుకుని వైద్యం మొదలెడతారు, కాగితాలు తర్వాత పంపుతారు. ఈ ఏర్పాటు మంచిదే. ఆ కాగితాల దగ్గరే మాకు చిక్కొచ్చింది. మేం వేరు పడ్డప్పుడు నాన్నగారి పేరు అన్నయ్య వాళ్ళ బియ్యం కార్డులోకి వెళ్ళింది. ఈకేవైసీ, అంటే ఆ మనిషి ఆయనేనని ఆధార్‌తో సరిచూడటం, మాత్రం కాలేదు. ఎందుకు కాలేదంటే వేలిముద్రలు పడక. నలభై ఏళ్ళు నేలలో పాతిన గునపం మీద కొబ్బరికాయలు వలిచిన మనిషి. ఆ వేళ్ళ మీద గీతలుండవు, మెరుస్తుంటాయి. రేషన్ దగ్గర వదిన వేలు వేస్తే సరిపోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. డెస్కు అమ్మాయి పది వేళ్ళూ ఒక్కొక్కటే తుడిచి, కొబ్బరినూనె రాసి చూసింది. లాభం లేకపోయింది. చివరికి కంటిపాప మిషను ఎక్కడో కింద అంతస్తులో ఉంటే తెప్పించింది. నాన్నగారు ఆక్సిజన్ గొట్టంతోనే కళ్ళు పెద్దవి చేసి చూస్తే, అదృష్టం, మొదటిసారికే పట్టింది. ఈలోగా అన్నయ్య మళ్ళీ పడవెక్కి వెళ్ళి, మా గ్రామ సచివాలయంలో కార్డు వివరాలు సరిచేయించి ఫోటో తీసి పంపాడు. మంచం మీద రోగి ఫోటో, యాంజియోగ్రామ్ సీడీ, ఈసీజీ అన్నీ ఆన్‌లైన్లో పథకాన్ని నడిపే ట్రస్టుకి వెళ్తాయి, అక్కడి డాక్టర్లు చూసి సరేనంటారు. వాళ్ళు ప్రశ్న వేస్తే జవాబిచ్చేది ఆసుపత్రి వాళ్ళే. అది ఎంతవరకూ వచ్చిందో మాత్రం మనమే పోయి అడుగుతూ ఉండాలి, వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

అనుమతి కోసం ఆ వరండాలో కూర్చున్నప్పుడు నాకు మాల్దీవులు గుర్తొచ్చాయి. మన జిల్లాల నుంచి చాలామంది లాగే నేనూ అక్కడి దీవుల్లో కొన్నేళ్ళు పాఠాలు చెప్పాను. 2012 జనవరి 1న వాళ్ళ ప్రభుత్వం 'ఆసంధ' అని ఆరోగ్య బీమా తెచ్చింది. బీదా గొప్పా లేదు, గుర్తింపు కార్డున్న ప్రతి పౌరుడికీ ఏడాదికి లక్ష రుఫియాల వరకూ వైద్యం. 2014లో ఆ పరిమితి కూడా ఎత్తేశారు. మాలాంటి పరాయి దేశం వాళ్ళకి అది వర్తించదు, మా పాలసీ వేరు. పెద్ద జబ్బులకి వాళ్ళు తిరువనంతపురం దాకా వచ్చేవాళ్ళు. దాదాపు 1200 దీవులు, జనం ఉండేవి రెండు వందల లోపు. పథకం పెట్టిన మొదట్నుంచీ వాళ్ళకి తెలిసిందేంటంటే, వైద్యానికి ముందు పడవ కావాలని. అత్యవసరంగా రోగిని దీవి దాటించాల్సి వస్తే ఆ ఖర్చూ బీమాలోదే. మరి మన దగ్గరో? 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పట్నుంచీ పేర్లు మారాయి, పరిమితి పెరిగింది, 2023 డిసెంబరులో పాతిక లక్షలు చేశారు, జబ్బుల జాబితా మూడు వేలు దాటింది. 2025 సెప్టెంబరులో ఆదాయంతో పని లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకీ బీమా ఇవ్వాలని కేబినెట్ తీర్మానించింది. రెండున్నర లక్షల వరకూ బీమా కంపెనీ, ఆపైన పాతిక లక్షల దాకా ట్రస్టు. వినడానికి బాగుంది. బకాయిలు రాలేదని ఆసుపత్రులు సేవలు ఆపేసే గొడవ కూడా దీంతో తీరితే అంతకన్నా కావాల్సిందేముంది. కానీ ఇన్నిసార్లు మార్చినవాళ్ళకి లంక ఊళ్ళున్నాయని ఎవరూ చెప్పినట్టు లేరు.

స్టెంటు బాగానే పడింది. దాని గురించి రాయడానికేం లేదు, డాక్టరు పనిమంతుడు.

డిశ్చార్జి రోజు ఒక కాగితం మీద సంతకం పెట్టమన్నారు. ఇంటికెళ్ళడానికి బస్సు ఛార్జీ పథకం ఆసుపత్రికి ఇచ్చే ప్యాకేజీలోనే ఉంటుంది, చాలామందికి ఈ సంగతి తెలీదు, అడిగి తీసుకోండి. ఏ ఊరని అడిగి, పి.గన్నవరానికి లెక్క కట్టి ఇచ్చారు. నాన్నగారు ఆ నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి, "బాబూ, మా ఇల్లు గన్నవరంలో లేదు. ఏరు దాటాలి. పడవ వాడికెవరిస్తారూ?" అన్నారు. ఆ కుర్రాడు నవ్వాడు గానీ, కంప్యూటర్లో అలాంటి గడి లేదన్నది నిజమే. పడవ బాబాయ్ ఆ రాత్రి డీజిలు డబ్బులు కూడా తీసుకోలేదు, అది వేరే సంగతి. మా లంకలో మా లాంటి ఇంకో ఇల్లుంటే ఆయన ఎన్నిసార్లని ఊరికే దాటిస్తాడు?

పంపించేటప్పుడు పది రోజుల మందులిచ్చారు. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ డాక్టరు ఆపమనేదాకా ఒక్క పూట కూడా మానకూడదు. మానితే స్టెంటులోనే మళ్ళీ గడ్డ కడుతుంది. బాగానే ఉన్నాను కదా అని మా నాన్నగారు ఒకసారి మానబోతే అమ్మ ఊరుకోలేదు. ఈ ఏడాది వరద రాకముందే, జూన్ మొదట్లోనే, రెండు నెలలకి సరిపడా మాత్రలు తెచ్చి డబ్బాలో పోసి అటక మీద పెట్టాం. ఇల్లు మునిగినా అవి తడవవు. చెకప్‌కి ఆగస్టులో రమ్మంటే, ఆగస్టులో మాకు దారి ఉండదండీ అని చెప్పి మే నెలకి రాయించుకున్నాను. ఈకేవైసీ కానివాళ్ళు మాత్రం కాజ్‌వే తేలి ఉండగానే వెళ్ళి సచివాలయంలో కంటిపాపతో చేయించుకోండి. కొబ్బరి వలుపు పనిచేసేవాళ్ళు వేలిముద్ర కోసం పట్టుబట్టకండి, అది పడదు.