దొరికితే దొంగ, దొరక్కపోతే దొర: బబుల్ రోజుల పంచాయితీలు

కోవిడ్ టైమ్‌లో బబుల్ (అంటే ప్లేయర్లని బయటి జనంతో కలవనివ్వకుండా హోటల్, గ్రౌండ్ మధ్యే ఉంచడం) లాంటి రూల్స్ దాటిన ప్లేయర్లలో ఎవరికి ఏ శిక్ష పడిందో మొన్న కూర్చుని వరసపెట్టి చదివా, చదివేకొద్దీ చిరాకొచ్చింది. ఒకడు దారిలో ఇంటికెళ్ళొచ్చినందుకు టెస్ట్ మ్యాచ్ పోగొట్టుకున్నాడు, ఇంకొకడు పాజిటివ్ అని తెలిసాక కూడా గ్రౌండ్‌లోకొచ్చి మాస్క్ తీసి గ్రూప్ ఫోటో దిగితే ఏమీ అవ్వలేదు, ముగ్గురు కుర్రాళ్ళు రాత్రిపూట వీధిలో కనపడితే ఏడాది బ్యాన్. తప్పు వల్ల ఎంత మందికి ప్రమాదం అన్నది చూసి కదా శిక్ష వెయ్యాలి, వీళ్ళు మాత్రం వీడియో ఎంత వైరల్ అయింది, ఆ ప్లేయర్ లేకపోతే మనకి గడుస్తుందా లేదా అన్నది చూసుకుని వేసారు. నా కంప్లైంట్ అంతా దీని మీదే.

ముందు ఇంగ్లండ్ బౌలర్ జోఫ్రా ఆర్చర్ సంగతి చెప్తా, ఎందుకంటే నా లెక్కలో సరిగ్గా వేసిన శిక్షల్లో అదొకటి. 2020 జులై, లాక్‌డౌన్ తర్వాత మళ్ళీ మొదలైన మొట్టమొదటి టెస్ట్ సిరీస్, వెస్టిండీస్ వాళ్ళు జూన్‌లోనే ఇంగ్లండ్ వచ్చి క్వారంటైన్‌లో ఉండి ఆడుతున్నారు. వాళ్ళ దేశాల్లో పెద్దగా కేసులు లేవు, ఇంగ్లండ్‌లో జనం చచ్చిపోతున్నారు, అయినా వచ్చారు. సౌతాంప్టన్ టెస్ట్ అయ్యాక ఇంగ్లండ్ ప్లేయర్లు ఎవరి కార్లో వాళ్ళు మాంచెస్టర్ వెళ్ళాలి, మధ్యలో ఎక్కడా ఆగకూడదు, మన జోఫ్రా మాత్రం హోవ్‌లో ఉన్న తన ఫ్లాట్ మీదుగా వెళ్ళాడు. విషయం బయటపడగానే సరిగ్గా టెస్ట్ మొదలయ్యే రోజు పొద్దున టీమ్‌లోంచి తీసేసారు, ఐదు రోజులు ఐసోలేషన్, రెండు కోవిడ్ టెస్టులు నెగటివ్ రావాలి అన్నారు. ఆ తర్వాత విచారణ పెట్టి ఫైన్, రాతపూర్వకంగా వార్నింగ్ ఇచ్చారు. ఫైన్ ఎంతో బయటికి చెప్పలేదు. ఇంటికెళ్తే అంత నేరమా అని అప్పట్లో చాలామంది అన్నారు గానీ, అవతలి టీమ్ నమ్మకంతో సముద్రం దాటి వచ్చినప్పుడు ఆ నమ్మకం మీదే కదా సిరీస్ మొత్తం నడిచేది, ఒక్క కేసు వస్తే సిరీసే ఆగిపోయేది, బోర్డుకి కోట్ల పౌండ్ల నష్టం. పైగా అతను టీమ్‌లో స్టార్ బౌలర్, అయినా ఆపారు చూడండి, అది నచ్చింది నాకు. నచ్చనిదల్లా తర్వాత ఇన్‌స్టాగ్రామ్‌లో జనం చేసిన పని. జాతి పేరు పెట్టి తిట్టారు అతన్ని. బోర్డు వేసిన శిక్ష ఐదు రోజుల్లో అయిపోయింది, జనం వేసింది అవ్వలేదు.

దీని పక్కన మన టీమ్ ఆస్ట్రేలియా టూర్‌లో 2021 జనవరి 1 మెల్‌బోర్న్ పెట్టి చూడండి. రోహిత్, పంత్, గిల్, సైనీ, పృథ్వీ షా రెస్టారెంట్‌లో లోపల కూర్చుని తిన్నారు, ఓ అభిమాని వీడియో ట్విట్టర్‌లో పెట్టాడు, బయట కూర్చుని తినొచ్చు గానీ లోపల కూడదన్నది అప్పటి ప్రోటోకాల్. రెండు బోర్డులూ విచారణ అన్నాయి, ఐదుగురినీ మిగతా టీమ్ నుంచి విడిగా ఉంచారు, టెస్టులు నెగటివ్ వచ్చాయి, సిడ్నీ టెస్ట్‌లో అందులో నలుగురు ఆడేసారు. విచారణ ఏమైందో, ఎవరికి ఏం చెప్పారో ఇప్పటిదాకా పబ్లిక్‌కి తెలిసింది ఏమీ లేదు. మనవాళ్ళు కదా అని నేనూ అప్పుడు ఊపిరి పీల్చుకున్నా, బ్రిస్బేన్‌లో గాబా టెస్ట్ గెలిచాక అసలు ఎవరికీ గుర్తే లేదు. కానీ నిజంగా చెప్పాలంటే, ఇంటి లోపలికెళ్ళిన ఆర్చర్‌కి ఒక రూల్, నలుగురు తిరిగే రెస్టారెంట్ లోపలికెళ్ళిన వాళ్ళకి ఒక రూలా? రెండోదే ఎక్కువ రిస్క్ కదా.

శ్రీలంక వాళ్ళది ఇంకా ఘోరం. 2021 జూన్‌లో కుశల్ మెండిస్, డిక్‌వెల్లా, గుణతిలక ఇంగ్లండ్ టూర్‌లో డర్హమ్‌లో రాత్రిపూట బయట తిరుగుతూ వీడియోకి చిక్కారు. అప్పటికే టీమ్ టీ20లన్నీ ఓడిపోయి జనం తిట్లు తింటోంది, బోర్డుకి ఎవరో ఒకరు కావాలి, ఈ ముగ్గురూ దొరికారు. వెంటనే ఇంటికి పంపించేసారు, జులై చివర్లో ఏడాది పాటు ఇంటర్నేషనల్ క్రికెట్ బ్యాన్, ఆరు నెలలు దేశవాళీ బ్యాన్, తలా కోటి శ్రీలంక రూపాయల ఫైన్. తప్పు చెయ్యలేదని నేనట్లేదు, చేసారు. ఇంటికి పంపడం కరెక్టే. కానీ ఏడాది అంటే ప్లేయర్ కెరీర్‌లో చిన్న ముక్క కాదు, అందులో సగం కోపం రూల్ మీది కాదని, ఓటముల మీదిదని ఎవరికైనా తెలుస్తుంది. తెలిసింది కాబట్టే 2022 జనవరిలో మధ్యలోనే బ్యాన్ ఎత్తేసారు. అంటే మొదట వేసిందే ఎక్కువ అని వాళ్ళే ఒప్పుకున్నట్టు కదా.

సరిగ్గా అదే సమ్మర్‌లో, అదే ఇంగ్లండ్‌లో, ఆగస్టు 31న లండన్ హోటల్లో అప్పటి మన హెడ్ కోచ్ రవిశాస్త్రి పుస్తకం రిలీజ్ ఫంక్షన్. కోహ్లీ, టీమ్‌లో ఇంకొందరు వెళ్ళారు, హాల్ నిండా జనం. సెప్టెంబర్ 4న శాస్త్రికి పాజిటివ్, తర్వాత బౌలింగ్ కోచ్ భరత్ అరుణ్, ఫీల్డింగ్ కోచ్ శ్రీధర్, ఆ తర్వాత ఫిజియో, చివరికి 10న మాంచెస్టర్ టెస్ట్ మొదలవ్వాల్సిన పొద్దున్నే రద్దయింది. ఆ ఫంక్షన్ వల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేదు, నేనూ తేల్చట్లేదు, దేశమంతా తెరిచే ఉంది కదా అని శాస్త్రి అన్నది కూడా అబద్ధం కాదు, జులైలోనే అక్కడ ఆంక్షలు ఎత్తేసారు. కానీ సిరీస్ మధ్యలో అలాంటి చోటికి పోవడం సబబేనా అని కనీసం అడగాలి కదా, బయటికి తెలిసేలా ఎవర్నీ ఏమీ అనలేదు. వీధిలో తిరిగిన కుర్రాడికి ఏడాది, హెడ్ కోచ్‌కి సున్నా. ఆ టెస్ట్ మళ్ళీ 2022 జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో ఆడితే ఇంగ్లండ్ 378 కొట్టేసి గెలిచి సిరీస్ సమం చేసింది, అది మన ఖర్మ, పక్కన పెడదాం.

పెద్దవాళ్ళ సంగతి వచ్చింది కాబట్టి పాకిస్తాన్ లీగ్‌ది కూడా చెప్పేస్తా, చిన్నదే. 2021 ఫిబ్రవరిలో పెషావర్ జల్మీ కెప్టెన్ వహాబ్ రియాజ్, కోచ్ డారెన్ సామీ బబుల్‌లో లేని టీమ్ ఓనర్‌ని కలిసారు. మూడు రోజుల ఐసోలేషన్ అన్నారు, ఫ్రాంచైజీ అప్పీల్ చేసుకుంది, సరే పొండి అని వదిలేసారు. మార్చి 4కల్లా కేసులు పెరిగి లీగే ఆగిపోయింది. వీళ్ళ వల్లే ఆగిందని కాదు, కానీ అప్పీల్ చేస్తే కరిగిపోయే రూల్‌ని మిగతా ప్లేయర్లు ఎందుకు లెక్క చేస్తారు చెప్పండి.

అమెరికాలో డబ్బు లెక్క ఇంకో రకం. అక్కడి ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో స్టార్ ప్లేయర్ ఆరన్ రాడ్జర్స్ వ్యాక్సిన్ వేయించుకున్నావా అంటే ఇమ్యునైజ్ అయ్యా అని చెప్పి తప్పించుకున్నాడు, వేయించుకోలేదు, 2021 నవంబర్‌లో పాజిటివ్ వచ్చినప్పుడు బయటపడింది. లీగ్ వేసిన ఫైన్ 14,650 డాలర్లు. ఏడాదికి కోట్ల డాలర్లు తీసుకునే మనిషికి 14,650! అతనికి ఆవగింజంత కూడా కాదు అది. అతని క్లబ్‌కి మాత్రం 3 లక్షల డాలర్లు వేసారు, అది కాస్త నయం. నన్నడిగితే పెద్ద ప్లేయర్‌కి ఫైన్ అనేది శిక్షే కాదు, ఆడనివ్వకపోవడమే శిక్ష. వాళ్ళు బతికేది ఆడటానికి, అది కాస్తా ఆగితే తోటివాళ్ళ మొహం చూడలేరు, ఆ బాధ ముందు డబ్బెంత.

అందుకే అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ బబుల్ నాకు నచ్చింది. 2020లో ఓర్లాండోలో డిస్నీ వాళ్ళ హోటళ్ళలో అందర్నీ పెట్టి సీజన్ పూర్తి చేసారు, లోపల ప్లేయర్లకి వైరస్ అంటనే లేదు. లౌ విలియమ్స్ అనే ప్లేయర్ తెలిసినవాళ్ళ అంత్యక్రియలకి పర్మిషన్ మీద బయటికెళ్ళి, దారిలో అట్లాంటాలో ఓ స్ట్రిప్ క్లబ్‌లో దూరాడు, చికెన్ వింగ్స్ కోసం అన్నాడు (అక్కడ వింగ్స్ నిజంగానే ఫేమస్ అంట, ఏమో), ఎన్‌బీఏ మాస్క్‌తోనే ఫోటోకి దొరికాడు. పది రోజులు క్వారంటైన్, రెండు మ్యాచ్‌లు పోయాయి, వాటి జీతం పోయింది, అంతే, తర్వాత వచ్చి ఆడుకున్నాడు. ఇంకో ప్లేయర్ రిచాన్ హోమ్స్ డెలివరీ ఫుడ్ తీసుకోవడానికి గీత దాటాడు, అతనికీ పది రోజులే. డానుయెల్ హౌస్ మాత్రం రూమ్‌లోకి బయటి మనిషిని రానిచ్చి గంటలసేపు ఉంచుకున్నాడని తేలింది, ప్లేఆఫ్స్ మధ్యలో బబుల్ నుంచే పంపించేసారు, అతని టీమ్ లేకర్స్ చేతిలో ఓడి ఇంటికొచ్చింది. చూడండి ఎంత బావుందో, పొరపాటున గీత దాటినోడికి క్వారంటైన్, బయటి మనిషిని లోపలికి తెచ్చినోడికి గెంటివేత. ప్రమాదాన్ని బట్టి మెట్లు.

మరి బేస్‌బాల్? మొదట్లో చెప్పిన ఫోటో మనిషి జస్టిన్ టర్నర్. 2020 అక్టోబర్ 27, అక్కడి బేస్‌బాల్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ ఆఖరి మ్యాచ్, మధ్యలో పాజిటివ్ అని తెలిసి బయటికి లాగేసారు, గెలిచాక మళ్ళీ గ్రౌండ్‌లోకొచ్చి కప్ పట్టుకుని ఫోటో దిగాడు. ఆ మరుసటి నెలలో లీగ్ విచారణ ముగించి, టీమ్‌లో ఎవరో రావచ్చన్నట్టు మాట్లాడారు, అందరి తప్పూ ఉంది, కాబట్టి శిక్ష లేదు అని తేల్చింది. అందరిదీ తప్పైతే అందరికీ వెయ్యాలి గానీ ఎవరికీ వెయ్యకపోవడం ఏం న్యాయమో నాకర్థం కాదు. వైరస్ ఉందని తెలిసి జనంలోకి రావడం కన్నా పెద్ద తప్పు ఈ మొత్తం లిస్టులో ఏముంది అసలు?

ఒకటుంది, దొంగ సర్టిఫికెట్. దాని మీద మాత్రం నాకు జాలి లేదు. ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో ఇవాండర్ కేన్ నకిలీ వ్యాక్సిన్ కార్డు చూపించాడని 2021 అక్టోబర్‌లో 21 మ్యాచ్‌ల సస్పెన్షన్ వేసారు, జీతం లేకుండా. అదే ఏడాది డిసెంబర్‌లో ఇలాంటి పనికే ఆంటోనియో బ్రౌన్‌కి ఎన్‌ఎఫ్‌ఎల్ మూడు మ్యాచ్‌లు వేసింది. ఆకలేసో, ఒంటరితనంతోనో, కుర్రతనంతోనో గీత దాటడం వేరు, నేను వేసుకున్నాను అని కాగితం తయారు చేసుకుని రోజూ పక్కవాడి పక్కన కూర్చోవడం వేరు. మొదటిది ఒక్క రాత్రి తప్పు, రెండోది ప్రతిరోజూ చేసే తప్పు, పక్కవాడి ఇంట్లో ముసలివాళ్ళున్నారో, చంటిపిల్లలున్నారో కూడా చూడకుండా.

ఒక్కోసారి బోర్డు శిక్ష వేసేలోపే ఆట వేసేస్తుంది. 2020 నవంబర్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ డెన్వర్ బ్రాంకోస్ క్వార్టర్‌బ్యాక్‌లలో (పాస్‌లు విసిరే ప్లేయర్లు) ఒకడికి పాజిటివ్, మిగతా వాళ్ళు మాస్క్ సరిగ్గా పెట్టుకోకుండా అతనితో కూర్చున్నారని అందర్నీ ఆపేసారు. చివరికి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో ఉన్న రిసీవర్ (పాస్‌లు అందుకునేవాడు) కెండల్ హింటన్‌ని ఆ ప్లేస్‌లో ఆడించారు. తొమ్మిది పాస్‌లేస్తే ఒక్కటే చేరింది, 31-3తో ఓడారు. పాపం ఆ హింటన్ చేసిన తప్పేంటి?

బబుల్ అంటే మామూలు విషయం కాదని కూడా ఒప్పుకోవాలి. నెలల తరబడి హోటల్ గది, గ్రౌండ్, మళ్ళీ గది, ఇంట్లో ఎవరికైనా బాలేకపోతే వెళ్ళలేవు. ఆటగాళ్ళలో సగం మంది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు. కాబట్టి మొదటి తప్పుకే కెరీర్ మీద కొట్టకూడదు అంటాను నేను. 2022 ఐపీఎల్ రూల్స్ ఈ విషయంలో బానే ఉండేవి, ప్లేయర్ మొదటిసారి దాటితే ఏడు రోజులు క్వారంటైన్, ఆ మ్యాచ్‌ల డబ్బు రాదు, రెండోసారికి ఒక మ్యాచ్ సస్పెన్షన్, మూడోసారికి సీజన్ మొత్తం ఔట్, రీప్లేస్‌మెంట్ కూడా ఇవ్వరు. ఫ్రాంచైజీయే బయటివాళ్ళని లోపలికి తెస్తే కోటి రూపాయల ఫైన్, మళ్ళీ చేస్తే పాయింట్లు కోత. పాయింట్లు పోతాయంటే ఓనర్ కూడా నోరు మూసుకుని రూల్ పాటిస్తాడు. పైగా ఇది ముందే రాసిపెట్టుకున్నది, తప్పు జరిగాక వీడియో చూసి కోపంలో తేల్చింది కాదు. నేను ఇంకొక్కటి కలుపుతా, విచారణలో ఏం తేలిందో పబ్లిక్‌గా చెప్పాలి, హెడ్ కోచ్, బోర్డు మనిషి, ఓనర్ ఎవరైనా సరే.

ఇంకోటి, శిక్ష అయిపోతే అయిపోయినట్టే ఉండాలి. కుశల్ మెండిస్ 2023 వరల్డ్ కప్‌లో హైదరాబాద్‌లో పాకిస్తాన్ మీద 77 బంతుల్లో 122 కొట్టాడు, కెప్టెన్ షనకకి గాయమైతే ఆ టోర్నీలోనే కెప్టెన్ కూడా అయ్యాడు. ఆ రోజు కూడా ట్విట్టర్‌లో కొందరు డర్హమ్ వీడియో పెట్టి నవ్వుకుంటారేమో అనుకున్నా, పెట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. బోర్డే బ్యాన్ ఎత్తేసిన తర్వాత వీళ్ళకెందుకండీ.