శుక్రవారం: బూటు పాలిష్, కోటుకు ఒక పువ్వు

రేపు మా టీమ్‌లో ఒకతని పెళ్లి. రిజిస్ట్రార్ ఆఫీసులో అరగంట తంతు, ఆ తర్వాత పబ్‌లో భోజనాలు. వచ్చినవాళ్లను పలకరించి కుర్చీల్లో కూర్చోబెట్టే పని నాతో కలిపి నలుగురికి అప్పజెప్పాడు. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు: నల్ల బూట్లు మెరిసిపోవాలి, కోటుకు పువ్వు ఉండాలి, ఎవరి పువ్వు వాళ్లే తెచ్చుకోవాలి. మన పెళ్లిళ్లలో తోడపెళ్లికొడుక్కి కూడా ఎవరో ఒకరు దండ తెచ్చి వేస్తారు. ఇతను పువ్వు దగ్గర కూడా లెక్క చూసుకునే మనిషి, ఏం చేస్తాం.

లండన్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఈ రెండూ ఎక్కడ దొరుకుతాయో తెలుసుకునే అవసరం నాకు పడలేదు. ఆఫీసులో అందరివీ స్నీకర్లే. ఎవరైనా టై కట్టుకొస్తే ఎక్కడో ఇంటర్వ్యూ ఉందేమో అని గుసగుసలు పోతాం.

మధ్యాహ్నం లెడెన్‌హాల్ మార్కెట్‌కి నడిచాను. ఇనుమూ గాజూ కలిపి 1881లో కట్టిన కప్పు, ముదురెరుపు స్తంభాలు. ఒకప్పుడు కోళ్లూ మాంసమూ అమ్మిన చోటు. వాటిని వేలాడదీసిన కొక్కేలు ఇప్పటికీ దుకాణాల ముందు ఉన్నాయి. ఇప్పుడు పక్కనే ఉన్న ఇన్సూరెన్స్ ఆఫీసుల వాళ్లు బీరు గ్లాసులు పట్టుకుని నిలబడతారు. బూటు పాలిష్ కుర్చీ అక్కడే ఉంది. శని, ఆదివారాల్లో ఈ పేటలో పిట్ట మనిషి ఉండడు కాబట్టి ఏదైనా పని దినాల్లోనే.

కుర్చీ ఎత్తుగా, మెట్టెక్కి కూర్చునేలా ఉంది. అలాంటివి ఫొటోల్లో చూసినప్పుడల్లా దర్జా కోసం అనుకునేవాణ్ణి. ఎక్కి కూర్చున్నాక అర్థమైంది. నా కాలు పాలిష్ చేసే రొమేనియా మనిషి చేతికి సరిగ్గా అందే ఎత్తులో ఉంది. అతను నేల మీదికి వంగక్కర్లేదు, నడుం పడిపోదు. ముంబై లోకల్ స్టేషన్లలో పాలిష్ చేసేవాళ్లు నేల మీద కూర్చుని, బ్రష్షుతో చెక్కపెట్టె మీద టకటక కొట్టి పిలుస్తారు. మనం నిలబడి, ఒక కాలు ఆ పెట్టె మీద పెట్టి, ఫోన్ చూసుకుంటూ ఉంటాం.

అయినా కూర్చున్న కాసేపూ ఇబ్బందిగానే ఉంది. మా ఊళ్లో తోలు పని చేసేవాళ్ల ఇళ్లు ఊరవతల ఉండేవి. వాళ్లు కుట్టిన చెప్పులు మా ఇంట్లో అందరికీ కావాలి, వాళ్లు మాత్రం మా గడప తొక్కకూడదు. తాతయ్య కిర్రుచెప్పులు తయారైతే పిల్లలమే వెళ్లి తెచ్చేవాళ్లం, డబ్బులు చేతికివ్వకుండా అరుగు మీద పెట్టి రమ్మనేవారు. నేనూ అలాగే పెట్టి వచ్చాను. ఇవేవీ ఆ రొమేనియా మనిషికి తెలియవు. తెలిసినా నా ఇబ్బంది అతనికెందుకు? అతని తలనొప్పంతా నా బూట్లతోనే. "వీటికి క్రీమ్ పెట్టి ఎన్నాళ్లయింది?" అని పళ్ల డాక్టర్‌లాగా మందలించాడు. మడత పడే చోట తోలు పగులుతోందట. డబ్బాలో పాలిష్ ఒక్కటే రుద్దితే పైన మెరుపు వస్తుంది కానీ తోలు లోపల ఎండిపోతూనే ఉంటుందన్నాడు.

పని చూస్తూ కూర్చున్నాను. ముందు లేసులు తీశాడు. మేజోళ్లకు నలుపు అంటకుండా బూటుకీ కాలికీ మధ్య అట్టముక్కలు దోపాడు. దుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, క్రీమ్ వేలితోనే పట్టించాడు. బ్రష్ అయ్యాక మైనం పాలిష్. బూటు ముక్కు దగ్గర మాత్రం రెండు చుక్కల నీళ్లు చల్లి, గుడ్డను వేలికి బిగించి చుట్టి, చిన్న చిన్న సున్నాలు తిప్పుతూ పోయాడు. ఆ సున్నాలకే సగం సమయం పట్టింది. ఇంట్లో మనం చేయనిది ఇదే. మనకు బ్రష్షుతో నాలుగు దెబ్బలేస్తే పాలిష్ అయిపోయినట్టే.

కివీ డబ్బా కనిపించదేంటి అంటే, ఆ కంపెనీ బ్రిటన్‌లో అమ్మకం ఆపేసిందన్నాడు. జనం స్నీకర్లకు మారిపోతే పాలిష్ ఎవరు కొంటారు. నాకు మాత్రం పాలిష్ అంటే ఆదివారం రాత్రి నాన్న వరండాలో పేపర్ పరిచి తీసే చెర్రీ బ్లాసమ్ డబ్బా. అది పుట్టిందే లండన్ పడమటి వైపున్న చిజిక్‌లో అని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఆ మాట నాన్నకు ఫోన్‌లో చెబితే, "ఇన్నాళ్లూ ఇంగ్లీషోడి డబ్బానా రుద్దింది" అని నవ్వారు.

కదలకుండా కూర్చోవాలి కదా, ఫొటో తీయడం కనిపెట్టినవాళ్లలో ఒకడైన దాగెర్ తీసిన ఫొటో గుర్తొచ్చింది. 1838లో పారిస్‌లో బుల్వార్ ద్యూ తాంప్ల్ అనే వీధిని పై అంతస్తు కిటికీలోంచి తీశాడు. అప్పట్లో ఒక ఫొటోకి కొన్ని నిమిషాలు పట్టేది. బండ్లూ, నడిచేవాళ్లూ కదులుతూ ఉన్నారు కాబట్టి ఎవరూ పడలేదు, వీధి ఖాళీగా కనిపిస్తుంది. పాలిష్ చేయించుకుంటూ ఒక కాలు ఎత్తి నిలబడ్డ ఒక్క మనిషి మాత్రం మూలన పడ్డాడు. ఫొటోకెక్కిన మొట్టమొదటి మనిషి ఆయనే అంటారు. అందరూ ఆయన గురించే రాస్తారు. ఆయన కాళ్ల దగ్గర మసకగా ఇంకో ఆకారం ఉంటుంది, చేతులు కదులుతున్నాయి కాబట్టి సరిగా పడలేదు. పని చేస్తున్నవాడు మసకబారి, చేయించుకుంటున్నవాడు చరిత్రకెక్కాడు.

లండన్‌లో 1851లో, హైడ్ పార్క్‌లో గ్రేట్ ఎగ్జిబిషన్ అనే పెద్ద ప్రదర్శన జరిగిన ఏడాది, బీదపిల్లల బళ్లు నడిపేవాళ్లు పిల్లలకు ఎర్ర యూనిఫామ్ తొడిగి పాలిష్ పనికి వీధుల్లోకి పంపారు. బూట్లు ధరించిన జనం వచ్చిపడతారు, పిల్లలకు నాలుగు డబ్బులొస్తాయి అని లెక్క. పుణ్యమూ ఉంది, పిల్లల చేత పని చేయించడమూ ఉంది. ఏది ఎంత పాలో ఇంత దూరం నుంచి నేను తేల్చలేను.

డబ్బు పది పౌండ్ల లోపే అయింది. కార్డు మెషీన్ పెట్టుకున్నాడు. డబ్బు అరుగు మీద పెట్టే పని లేదు.

సాయంత్రం పువ్వు వేట. బ్యాంక్ స్టేషన్‌లో రైలెక్కి ఆక్స్‌ఫర్డ్ సర్కస్‌లో దిగాను. లిబర్టీ అనే పెద్ద దుకాణం గుమ్మం పక్కనున్న పూలకొట్టు చూడముచ్చటగా ఉంటుంది, కానీ అక్కడంతా చేతికి పట్టనంత గుత్తులు. ఇంకో కొట్లో ఆవిడను అడిగితే, కోటు పువ్వులు పెళ్లి ఆర్డర్లకేనట, అదీ రెండు రోజుల ముందు చెప్పాలట. నమూనా చూపించింది. ఒక గులాబి, పక్కన జిప్సీ పూలు, ఒక ఆకు, కాడంతా ఆకుపచ్చ టేపు, గుచ్చుకోవడానికి పిన్ను. ధర చెప్పాక నమూనా మళ్లీ జాగ్రత్తగా ఆవిడ చేతికే ఇచ్చేశాను. ధర సంగతి పక్కన పెట్టినా, ఒక్క పువ్వుకి ఇంత మేకప్ నాకు నచ్చలేదు.

ఒకప్పుడు పికడిల్లీ సర్కస్‌లో ఈరోస్ బొమ్మ మెట్ల మీదే పూలమ్మే ఆడవాళ్లు బుట్టలు పెట్టుకుని కూర్చునేవారు. అటుగా వెళ్లే మగవాడు ఒక పువ్వు కొని కోటుకు పెట్టుకుని పోయేవాడు. ఇప్పుడా మెట్ల మీద టూరిస్టులు బర్గర్లు తింటున్నారు. పెద్ద పూలమార్కెట్ కూడా 1974లోనే కోవెంట్ గార్డెన్ నుంచి నది అవతల నైన్ ఎల్మ్స్‌కి వెళ్లిపోయింది. అక్కడ పొద్దు ఎక్కేసరికే బేరాలు ముగుస్తాయి. కొలంబియా రోడ్ పూలసంత ఆదివారమే. పెళ్లేమో శనివారం.

జెర్మిన్ స్ట్రీట్ మీదుగా నడిచాను, ఊరికే. ఆ దగ్గర్లో అప్పట్లో ఉన్న ఒక థియేటర్‌లో 1892లో ఆస్కార్ వైల్డ్ తన నాటకం మొదటి రోజున మిత్రుల కోట్లకు ఆకుపచ్చ కార్నేషన్లు పెట్టించాడట. మనవైపు కోటుకి పువ్వంటే నెహ్రూ గారే. నవంబరు 14న బళ్లో మగపిల్లలందరి చొక్కాలకీ గులాబీలు, ఆ ఒక్కరోజే. తెల్లారి పెట్టుకుని వెళ్తే ఏడిపించి చంపేవాళ్లు. మగవాడికి పువ్వు దేవుడి దగ్గరా, పెళ్లిపీటల మీదా, చివరికి పాడె మీదా. మామూలు రోజున లేదు. ఇది నాకు అన్యాయంగానే తోస్తుంది.

చివరికి ఎంబాంక్‌మెంట్ వైపు నడుస్తుంటే ఒక పూలబండి తగిలింది. ఒక్క కార్నేషన్ ఇమ్మంటే, విడిగా అమ్మను, కట్ట తీసుకోమన్నాడు. మొత్తం కట్ట ఖరీదు ఆ టేపు చుట్టిన గులాబి కన్నా తక్కువ. తెల్లవి తీసుకున్నాను. నా కోటు సంగతి విని, కట్టలోంచి విచ్చీ విచ్చని చిన్న పువ్వు చూపించి, ఇదైతే పడుతుందన్నాడు. బాగా విచ్చిన పువ్వుకి కింద ఆకుపచ్చ తొడిమ లావుగా ఉండి కాజాలో దూరదట. పిన్ను అడిగితే, "పిన్నెందుకు, కాడకోసం కాలర్ వెనక దారం ఉంటుంది కదా" అన్నాడు.

ఇంటికొచ్చి కోటు తిరగేసి చూస్తే దారం లేదు. ముందువైపు ఎడమ కాలర్ మీద కాజా కుట్టు మాత్రం చక్కగా ఉంది, చీలికే లేదు. మా ఆవిడ వేలితో తడిమి చూసి, "దీనికి కాజా లేదు, కాజా బొమ్మ ఉంది" అంది. రెడీమేడ్ కోట్లలో చాలావాటికి ఇంతేనట. బ్లేడుతో కుట్టు మధ్యలో అంగుళం చీల్చి, అంచులు పీచు లేవకుండా దారంతో బిగించింది. వెనకవైపు నల్లదారంతో చిన్న ఉచ్చు కూడా వేసింది. పువ్వు పెట్టి చూశాం. తొడిమ కాజాలో కూర్చుంది, కాడ ఉచ్చులో నిలబడింది. అద్దంలో నన్ను చూసుకుని కాసేపు అక్కడే తచ్చాడాను, ఎవరికీ చెప్పనులే.

మిగతా పూలు స్టీలు చెంబులో పోసిన నీళ్లల్లో ఫ్రిజ్‌లో పెరుగు పక్కన ఉన్నాయి. రెండు తనకు, రెండు వేంకటేశ్వరస్వామికి అని మా ఆవిడ ముందే లెక్క కట్టేసింది. పదిగంటలకు పెళ్లికొడుక్కి ఫొటో పంపాను. మిగతా ముగ్గురికీ పువ్వులు దొరకలేదట, తనకూ లేదట, నాలుగు తెస్తావా అని రాశాడు. వాళ్ల కోట్లన్నీ కూడా రెడీమేడే. బ్లేడు, సూది, నల్లదారం ఉండ ఒక కవర్లో వేసి బూట్ల పక్కన పెట్టుకున్నాను. స్వామివారి వాటా రెండూ మిగలవేమో, ఉదయం ఆవిడతో మాట్లాడాలి.