కొత్త డిస్కులు వేసినా ఆగని వణుకు: నా అనుభవం

నిన్న సాయంత్రం ఔటర్ రింగ్ రోడ్డు మీద నుంచి శంషాబాద్ టోల్‌గేటుకు దిగుతూ బ్రేకు వేశాను. స్టీరింగ్ వణకలేదు. ఎన్నో రోజుల తర్వాత మొదటిసారి. గేటు దాటాక కారు పక్కకు ఆపి రెండు నిమిషాలు ఊరికే కూర్చున్నాను.

నేను రోజూ అత్తాపూర్ నుంచి ఆదిభట్లకు కారులో వెళ్లి వస్తాను. పద్నాలుగేళ్లుగా నడుపుతున్నాను, నా బండి ఇంతవరకు ఎవరినీ తాకలేదు. ఈ మాట ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

వంద వేగంలో వెళ్తున్నా కారులో ఏ తేడా ఉండేది కాదు. ఎనభైకి పైన ఉన్నప్పుడు బ్రేకు మీద కాలు ఆనిస్తే మాత్రం స్టీరింగ్ గబగబా అటూ ఇటూ ఊగేది. నలభైకి దిగేసరికి సద్దుమణిగేది. ముందు టైర్ల దుకాణంలో అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ చేయించాను. తొమ్మిది వందలు పోయాయి, వణుకు పోలేదు. తర్వాత సర్వీస్ సెంటర్‌లో బ్రేకు డిస్కులు (చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేలు) వంకరపోయాయని ముందు చక్రాల రెండు డిస్కులూ, వాటిని నొక్కి బండిని ఆపే ప్యాడ్లూ మార్చారు. బిల్లు 11,400 రూపాయలు. రెండు నెలలు హాయిగా గడిచింది. దాదాపు 4,000 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అదే వణుకు.

బిల్లు పట్టుకుని వెళ్లాను. అడ్వైజర్ కారు ఎక్కనైనా ఎక్కలేదు. "ఏబీఎస్ ఉన్న బండి అంతే మేడమ్, పెడల్ కొట్టుకుంటుంది" అన్నాడు. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేసేది చక్రం పట్టు తప్పబోయినప్పుడు, నేను మెల్లగా వేసినా వణుకుతోంది అన్నాను. అప్పుడు స్వరం పెంచాడు. "మీరు బ్రేకు మీద కాలు పెట్టే నడుపుతున్నట్టున్నారు. డిస్కులు అందుకే పాడవుతాయి. సార్‌ను ఒకసారి పంపించండి, ఆయనకు అర్థమయ్యేలా చెబుతాం." కుర్చీల్లో కూర్చున్న ఆరేడుగురు తలెత్తి నావైపు చూశారు. ఒకాయన నవ్వాడు కూడా. మా వారికి డ్రైవింగే రాదు. ఆ కారు కొన్నది నేను, వాయిదాలు కట్టేది నేను, ఆ 11,400 ఇచ్చింది నేను. ఇవన్నీ అక్కడ చెప్పాలనుకున్నాను, గొంతు పెగల్లేదు. జాబ్ కార్డు మీద "లోపం కనబడలేదు" అని రాసి చేతిలో పెట్టారు. ఇంటికి వచ్చేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి. డబ్బిచ్చి పని చేయించుకునే మనిషిని ఆడదని చూసి నోరు మూయించడం ఏ వ్యాపారానికీ తగదు.

ఆఫీసులో ఒకరు మూసాపేటలోని ఒక షెడ్డు గురించి చెప్పారు. అక్కడి పెద్దాయనను అందరూ చాచా అంటారు. ఆయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తానే నడిపారు, రెండుసార్లు బ్రేకు వేశారు. "వణుకు స్టీరింగ్‌లో తెలుస్తోంది కదమ్మా, అయితే ముందు చక్రాలే. సీటు కింద తెలిస్తే వెనక చూసేవాణ్ని" అన్నారు.

ఎడమ చక్రం విప్పారు. నట్లన్నీ బిగించి డిస్కు వదులుగా లేకుండా చేసి, డయల్ గేజ్ (సన్నటి ఊగును కూడా కొలిచే పరికరం) మొనను దాని అంచుకు కాస్త లోపల ఆనించి నెమ్మదిగా తిప్పారు. గేజ్ ముల్లు ఒక పక్క ఎక్కుతూ, మరో పక్క దిగుతూ పోయింది. డిస్కు ఊగు 0.14 మిల్లీమీటర్లు. "0.05 దాటకూడదు" అన్నారు. తర్వాత డిస్కు ఊడదీసి దాని వెనక హబ్బు (డిస్కునూ చక్రాన్నీ బిగించే భాగం) ముఖం చూపించారు. అక్కడ నట్లు ఎక్కించే బోల్టుల చుట్టూ ఎర్రటి తుప్పు పొర. ఆయన స్క్రూడ్రైవర్ కొనతో గీకితే పెచ్చులు పెచ్చులుగా రాలింది. కొత్త డిస్కును ఆ తుప్పు మీదే కూర్చోబెట్టారన్నమాట.

నా సందేహం ఒకటే: మరి రెండు నెలలు ఎందుకు బాగుంది? చాచా చెప్పింది విన్నాక అంతా అర్థమైంది. కొత్త డిస్కు మందం అంతటా ఒకేలా ఉంటుంది కాబట్టి కాస్త వంకరగా తిరిగినా మొదట్లో బ్రేకులో తెలియదు. కానీ బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులోనూ ఎత్తుగా ఉన్న చోటు ప్యాడ్‌ను రాసుకుంటుంది. వేల కిలోమీటర్లు అలా రాసుకుని ఆ చోటు అరిగిపోతుంది. మందంలో తేడా వచ్చాక బ్రేకు వేస్తే ప్యాడ్లు వెనక్కీ ముందుకీ కదులుతాయి, అదే స్టీరింగ్‌లో వణుకు. మైక్రోమీటర్‌తో డిస్కు చుట్టూ ఎనిమిది చోట్ల కొలిస్తే తేడా 0.03 మిల్లీమీటర్లు. ఇంత చిన్న తేడా అంత పెద్ద కారును ఊపింది. నా కాలుకు దీనితో సంబంధం లేదు.

వైర్ బ్రష్‌తో, ఉప్పు కాగితంతో హబ్బు మెరిసేదాకా రుద్దారు. డిస్కును బాలానగర్‌లో లేత్ మీద పలచగా చెక్కించారు. ఇంతకన్నా పలచబడకూడదనే కనిష్ఠ మందం సాధారణంగా డిస్కు మీదే చెక్కి ఉంటుంది, మాది అంతకన్నా చాలా ఎక్కువే ఉంది. మళ్లీ బిగించి కొలిస్తే 0.03. కుడి చక్రానికీ అదే పని. మొత్తం 1,800 రూపాయలు. నట్లను గాలి గన్‌తో కాకుండా టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానాతో), ఒకటి విడిచి ఒకటి బిగించారు. గన్‌తో ఎడాపెడా బిగిస్తే మంచి డిస్కు కూడా ఒక పక్కకు ఒరుగుతుందట.

మీ కారులోనూ ఇదే లక్షణం ఉంటే డిస్కులు మార్చమని చెప్పకండి, కొలవమని చెప్పండి. ఎంత వచ్చిందో జాబ్ కార్డు మీద అంకె రాయించుకోండి. రాయనన్నవాడి దగ్గర బండి ఉంచకండి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) పిన్నులు చేత్తో జరుగుతున్నాయో లేదో కూడా మీ ఎదుటే చూపించమనండి. టైర్ల దుకాణానికి ముందుగా అసలు వెళ్లకండి.

చాచా ఒక కాగితం మీద ముందు కొలత, తర్వాత కొలత, తేదీ రాసి ఇచ్చారు. దానికి నా 11,400 బిల్లూ, "లోపం కనబడలేదు" అని రాసిన జాబ్ కార్డూ జత చేశాను. శనివారం ఉదయం అదే కౌంటర్ దగ్గరికి వెళ్తున్నాను, ఒంటరిగానే.