ఎడమ పేజీ, కుడి పేజీ

మన బడి పూర్వ విద్యార్థుల సంచికకు అంగారకుడి గురించి రాయమని సంఘం నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. కలం పట్టగానే నాకు మాత్రం సైన్సు మాస్టారి బల్ల మీది రాయే కళ్ల ముందు నిలుస్తోంది.

ఆ రాయిని చూసి, కంటికి కనబడింది ఎడమ పేజీలో, దాన్నిబట్టి అనుకున్నది కుడి పేజీలో రాయమన్నారు మాస్టారు. నేను ఎడమ పేజీలో "నదిలోంచి వచ్చిన రాయి" అని రాశాను. మాస్టారు కోప్పడలేదు. "నది నీకు కనబడిందా?" అని అడిగారు. మళ్లీ చూశాను. గుండ్రటి అంచులు, నున్నటి పైభాగం, కనబడింది అంతే. నదిని కుడి పేజీకి మార్చాను. గంట కొట్టాక కూడా మొదటి బెంచీ ముగ్గురూ నేనూ అక్కడే ఉండిపోయాం. అప్పుడు రాయిని తడిపి మా చేతికిచ్చారు. పొడిగా ఉన్నప్పుడు లేని ఎర్రటి చార ఒకటి పైకి తేలింది. ఎడమ పేజీలో ఇంకో వాక్యం చేరింది.

తర్వాతి ఏళ్లను వదిలేస్తున్నాను. 2004 జనవరిలో స్పిరిట్, ఆపర్చునిటీ అనే రోవర్లు, అంటే చక్రాల మీద తిరిగే యంత్రాలు, అంగారకుడి మీద దిగేనాటికి నేను అమెరికాలోని పాసడీనాలో, వాటి సైన్సు బృందంలో ఉన్నాను. అంగారకుడి రోజు మన రోజుకన్నా దాదాపు 40 నిమిషాలు ఎక్కువ. మొదటి నెలల్లో ఆ లెక్కనే పనిచేసేవాళ్లం కనుక మా పనివేళ రోజుకు ఒక పీరియడు చొప్పున ఆలస్యమవుతూ పోయేది.

90 అంగారక దినాలు పనిచేస్తే చాలనుకున్న ఆపర్చునిటీ 2018 దాకా 45 కిలోమీటర్లు తిరిగింది. అయినా నా ప్రాణం స్పిరిట్ మీదే. 2006లో దాని కుడి ముందు చక్రం ఆగిపోయింది. అప్పటినుంచి, అది దిగిన గుసెవ్ అనే పెద్ద బిలంలో దాన్ని వెనక్కి నడిపిస్తూ, ఆ చక్రాన్ని ఈడ్పించాం. 2007లో ఆ ఈడ్పు గీసిన చాలులో ఎర్ర మన్ను కింద తెల్లటి మన్ను బయటపడింది. అందులో దాదాపు 90 శాతం సిలికా, ఇసుకలోనూ గాజులోనూ ఉండే పదార్థం! ఒకప్పుడు అక్కడ వేడినీటి ఊటలు గానీ, ఆవిరి రంధ్రాలు గానీ ఉండాలి. భూమి మీద అటువంటి చోట్ల సూక్ష్మజీవులు బతుకుతాయి. తెల్లటి మన్నునూ సిలికానూ నా పుస్తకంలో ఎడమవైపు రాశాను. ఊటలనూ ఆవిరినీ కుడివైపు రాశాను. ఆ పుస్తకాన్ని ఇవాళ్టికీ ఎవరికీ ఇవ్వలేదు.

ఆ చాలు ఫొటోను మాస్టారికి పంపాను. జవాబుగా వచ్చిన ఉత్తరంలో ఒకే ప్రశ్న: "పక్కనున్న ఎర్ర మన్నును కూడా కొలిచారా?"

కొలిచాం, మాస్టారూ.