బార్ మిట్స్వా అయ్యాక బుధవారం క్లాసులు

అమెరికా సినగాగుల్లో, అంటే యూదుల ప్రార్థనా మందిరాల్లో, పిల్లల చదువు చూసుకునేవాళ్లకి ఏడో తరగతి దాకా పెద్ద బెంగ ఉండదు. పదమూడేళ్లకి పిల్లాణ్ణి పెద్దవాళ్లలో చేర్చే వేడుక బార్ మిట్స్వా ఉంది, అమ్మాయిలకైతే బాత్ మిట్స్వా. ఆ భయంతోనైనా ఆదివారం బడికి వస్తారు. ఆ శనివారం పొద్దున పవిత్ర గ్రంథమైన తోరా చుట్టలోంచి తన వంతు చదివి, హాల్లో విందు ముగిశాక, తర్వాతి వారం ఆ కుర్రాడు కనిపించడు. పనైపోయిందని తల్లిదండ్రులూ అనుకుంటారు. ఈ జారుడుకి అడ్డుకట్టగా రిఫార్మ్ (సంస్కరణవాద శాఖ) సినగాగుల్లో పదో తరగతి పిల్లలకి, తోరా అందిన రోజుగా చేసుకునే షవువోత్ పండగనాడు, తమ విశ్వాసాన్ని చాటే కన్ఫర్మేషన్ వేడుక నడుపుతారు. ఆ ఆచారం పంతొమ్మిదో శతాబ్దపు జర్మనీ నుంచి వచ్చింది. ఇప్పుడు చాలాచోట్ల దాంతో పాటు ఎనిమిది నుంచి పన్నెండో తరగతి దాకా వారానికో సాయంత్రం, పిల్లలే ఎంచుకునే క్లాసులు నడుపుతున్నారు.

ఎంచుకోమన్నంత మాత్రాన నిలబడరు. మొదటి పది నిమిషాల్లో చేతికి ఓ పనైనా దొరకాలి, వాదించుకోవడానికి ఓ తగాదా అయినా దొరకాలి. రెండూ లేని క్లాసుకి మూడో వారం నుంచి కుర్చీలే మిగులుతాయి.

ముందు క్యాలెండర్. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే యూదుల తిష్రీ నెలలో రోష్ హషానా, యోమ్ కిప్పుర్, సుక్కోత్, సిమ్హత్ తోరా పండగలన్నీ మూడు వారాల్లో వచ్చి పడతాయి. అవి అయ్యాకే మొదలెట్టడం మంచిది. శుక్రవారం సాయంత్రం షబ్బాత్ (వారపు విశ్రాంతి దినం) మొదలవుతుంది, రాయడం గియడం కుదరదు. ఆదివారం పొద్దున ఇదే పిల్లలు చిన్న తరగతుల్లో టీచర్లకి సాయం చేస్తుంటారు. మిగిలేది బుధవారం. ఆరున్నరకి తిండి, ఏడుకి క్లాసు, ఎనిమిదింపావుకి ఇల్లు. తిండి అంటే పిజ్జాయే, చీజుదో కూరగాయలదో. పాలూ మాంసమూ కలపకూడదు కాబట్టి పెపరోనీ ఊసే ఉండదు. తిండి తీసేసి క్లాసు పొడిగిద్దామనే పెద్దమనిషి ప్రతి కమిటీలోనూ ఒకడుంటాడు. వినకండి, బాస్కెట్‌బాల్ ప్రాక్టీసు నుంచి నేరుగా వచ్చే పిల్లలు ఆ ముక్క కోసమే వేళకి వస్తారు.

ఏడాది పొడవు క్లాసులకి ఎవరూ కట్టుబడరు. ఆరు వారాల విడత పెట్టండి, ఏడాదికి మూడు విడతలు. ఎన్ని క్లాసులు పెట్టాలన్నదే అందరూ బోల్తా పడే లెక్క. నలభై మందికి ఎనిమిది రకాలు పెడితే తలా ఐదుగురు. పరీక్షల వారంలో ఇద్దరు మానేస్తే మిగిలేది ముగ్గురు, ఇక జంటలుగా కూర్చోబెట్టడం కూడా కుదరదు. పది పన్నెండు మందికి ఒకటి చొప్పున, నలభై మందికి నాలుగు చాలు. ఫారం మీద ఒకటి, రెండు, మూడు అని వరుసగా ఇష్టాలు రాయించుకోవాలి. ఒక్కటే రాయమంటే స్నేహితుల గుంపంతా ఒకేచోట పడుతుంది.

అన్నిటికంటే బాగా నడిచేది, పేరు చూసి ఎవరూ చేరనిది తాల్ముద్, యూదుల ధర్మశాస్త్ర చర్చల సంపుటం. అందుకే ఆ పేరు పెట్టకండి. 'దొరికిన వస్తువు ఎవరిది?' అని పెట్టి, అందులోని బావా మెట్సియా అన్న గ్రంథం మొదటి పేజీ ఇవ్వండి. తాల్ముద్‌లో దాదాపు ప్రతి గ్రంథమూ 2వ ఆకుతోనే మొదలవుతుంది. మొదటి కాగితం పోయిందేమోనని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

ఇద్దరు ఒకే వస్త్రం పట్టుకుని వస్తారు. నాకు దొరికిందంటే నాకని, మొత్తం నాదంటే నాదని. తాల్ముద్ చర్చలకి మూలమైన పాత ధర్మ సంకలనం మిష్నా. దాని తీర్పు ఏమిటంటే, 'ఇందులో నా వాటా సగానికి తక్కువ కాదు' అని ఇద్దరూ ఒట్టు వేసి చెరి సగం తీసుకోవాలి. ఒకడు మొత్తం నాదని, రెండోవాడు సగం నాదని అంటే మొదటివాడికి ముప్పావు, రెండోవాడికి పావు.

ఓ పాత శాలువా తెచ్చి ఇద్దరి చేత చెరో కొస పట్టించండి. తీర్పు లేకుండా తగాదా మాత్రం రాసిన కాగితం జంటకొకటి ఇచ్చి పది నిమిషాలు వదిలేయండి. జంటగా కూర్చుని పైకి చదువుతూ కొట్లాడుకునే ఈ పద్ధతినే హవ్రూతా అంటారు. చెరి సగమనో, అమ్మి డబ్బు పంచాలనో, కెమెరా చూడాలనో అంటారు. అప్పుడు తీర్పు చెప్పి రెండో తగాదా ఇవ్వండి, ఈసారీ తీర్పు దాచే. ఎక్కువమంది మూడింట రెండు వంతులు, ఒక వంతు అని పంచుతారు. ముప్పావు, పావు అని తెలిసేసరికి గది లేస్తుంది. సగం విషయంలో రెండోవాడికి పేచీయే లేదు కదా, తగాదా ఉన్నది మిగతా సగం మీదే, పంచాల్సిందీ అదే. ఈ ముక్క పిల్లల నోటి నుంచి రావాలి. చాలామంది టీచర్లు ఇక్కడే ఆగలేక చెప్పేసి క్లాసుని చంపుతారు.

రెండో వారం మొత్తం ఆ ఒట్టు మీదే గడపొచ్చు. అంత మెలికగా ఎందుకు? మొత్తం నాదని ఇద్దరూ ఒట్టేస్తే ఒకరిది దొంగ ఒట్టని తేలిపోతుంది. సగం నాదని వేస్తే తను మొదట అన్న మాటని తనే తగ్గించుకున్నట్టు. ఎలాగూ పంచేదానికి అసలు ఒట్టెందుకంటే తాల్ముద్ పండితుడు రబ్బీ యోహానాన్ జవాబుంది: లేకపోతే ఎవడు పడితే వాడు వెళ్లి పక్కవాడి శాలువా పట్టుకుని నాదంటాడని.

లెక్కల పిచ్చి ఉన్నవాళ్లుంటే నాలుగో వారంలో తాల్ముద్‌లోనే కెతుబోత్ అన్న గ్రంథం 93వ ఆకు తీయండి. చనిపోయినవాడికి ముగ్గురు భార్యలు. వివాహ పత్రాల ప్రకారం వాళ్లకి రావాల్సింది 100, 200, 300. ఆస్తి 100 ఉంటే ముగ్గురికీ సమానం. 200 ఉంటే 50, 75, 75. 300 ఉంటే 50, 100, 150. మూడింటికీ కలిపి ఒకే సూత్రం ఉన్నట్టు కనబడదు. 1985లో గణిత శాస్త్రవేత్తలు రాబర్ట్ ఔమన్, మైఖేల్ మాష్లర్ ఇది ఆ శాలువా లెక్కేనని చూపించారు. ఏ ఇద్దరిని తీసుకున్నా, వాళ్ల చేతికొచ్చిన మొత్తాన్ని శాలువాలా పంచితే అవే అంకెలు వస్తాయి. ఆస్తి 200 అయినప్పుడు మొదటి ఇద్దరికీ కలిపి 125. నూరు అడిగినామె మిగతా 25 మీద పేచీ పెట్టదు, అవి రెండో ఆమెవి. తగాదా ఉన్న 100 చెరి సగం. 50, 75. మిగతా జంటల్ని పిల్లల్నే బోర్డు మీద చేయనివ్వండి. ఔమన్‌కి 2005లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిందని చివర్లో చెబితే చాలు.

మిష్నా హీబ్రూ, దాని మీద చర్చ ఎక్కువగా అరమాయిక్. ఆదివారం బడి హీబ్రూతో ఇది గట్టెక్కదు. పక్కనే అనువాదం ఉన్న కాగితం ఇవ్వాలి. సెఫారియా వెబ్‌సైట్లో మూలమూ అనువాదమూ ఉచితంగా దొరుకుతాయి. ప్రింటు తీసే ఇవ్వండి, ఫోన్లో చదవమంటే చదివేది వేరే. జంటలు మీరే వేయండి. ఇద్దరు మాటకారులు కలిస్తే కబుర్లు, ఇద్దరు మౌనులు కలిస్తే నిశ్శబ్దం.

చేతిపని క్లాసుల్లో త్సిత్సిత్ కట్టడం ముందుంటుంది. ప్రార్థనలో కప్పుకునే తాలిత్ నాలుగు మూలలకీ కట్టే పోగులివి. ఎంబ్రాయిడరీ దారం పనికిరాదు, ఈ పని కోసమేనని సంకల్పించి వడికిన దారమే కావాలి. అది ప్యాకెట్లుగా దొరుకుతుంది. అందులో 16 పోగులు, 12 పొట్టివి, 4 పొడుగువి. మూలకి మూడు పొట్టివి, ఒక పొడుగుది. పొడుగుదాన్ని షమాష్ అంటారు, చుట్టేది అదే. బట్టలో ఉన్నీ, అవిసె నార (లినెన్) కలిసి ఉండకూడదు. మూల అంచుల నుంచి సుమారు నాలుగు సెంటీమీటర్ల లోపలికి కన్నం వేసి నాలుగు పోగులూ దూర్చి మడవాలి. ఎనిమిది కొసలవుతాయి, ఏడు సమానంగా, షమాష్ కొస మాత్రం కిందికి వేలాడుతూ. నాలుగు ఇటు, నాలుగు అటు పట్టి జంట ముడి, తర్వాత ఏడు చుట్లు, జంట ముడి, ఎనిమిది, ముడి, పదకొండు, ముడి, పదమూడు, చివరి ముడి. అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా యూదుల) పద్ధతి ఇది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక అంకె విలువ ఉంటుంది. మొదటి మూడూ కలిపితే 26, దేవుడి నాలుగక్షరాల పేరు విలువ. 13 అంటే 'ఒక్కడు' అన్న మాట విలువ.

చెడేది ఎక్కడంటే, మొదటి ముడి దగ్గర ఇటు నాలుగు, అటు నాలుగు కలిసిపోతాయి. ఒక గుంపుకి బట్టల క్లిప్పు పెడితే తీరుతుంది. మొదట్లో గట్టిగా లాగితే మూల ముడుచుకుపోతుంది. చుట్లు వదులుగా వేస్తే పదమూడుకి రాకముందే షమాష్ అయిపోతుంది, విప్పడానికి లావు సూది దగ్గర ఉంచుకోండి. ఒక్క సాయంత్రంలో రెండు మూలలే అవుతాయి. నాలుగూ అవుతాయని మాటివ్వకండి.

షబ్బాత్‌కి చేసే హల్లా రొట్టె క్లాసుకి ఎప్పుడూ గిరాకీయే, కానీ డెబ్బై ఐదు నిమిషాల్లో పిండి పొంగదు. పొంగిన పిండి తెచ్చి పెట్టి, జడ అల్లినట్టు అల్లించి, కాల్చడం ఇంటి దగ్గరకి వదిలేయాలి. తోరా చదివే స్వరాల క్లాసుకి ఐదుగురు చాలు, గొంతు మారే వయసు మగపిల్లల్ని అందరి ముందూ పాడించకండి.

భారతదేశపు యూదుల మీద ఒక విడత పెడితే మనకి తెలిసిన ఊళ్ల పేర్లు కూడా వస్తాయి. 1568లో కట్టిన కొచ్చి పరదేశి సినగాగ్, శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి శనివార్ తేలీ అనిపించుకున్న కొంకణపు బెనే ఇజ్రాయేల్, గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనే ఎఫ్రాయిమ్. వింత ఫొటోల ప్రదర్శనగా మారిస్తే మొదటి వారంతో సరి. యూదుడని ఎవరిని అనాలి, అది తేల్చేది ఎవరు అన్న తగాదాతో మొదలెడితే ఆరు వారాలూ చాలవు.

క్లాసు మారతామని పిల్లలు అడుగుతారు. రెండో వారం దాకా మారనివ్వండి. మూడో వారం నుంచి వద్దు, వెళ్లినవాడి జంట ఒంటరిగా మిగిలిపోతాడు.