వాడని ప్లేయరే కదా అని తీసేశాను

కంప్యూటర్లో నేను వాడనిది ఏది కనిపించినా తీసి పారేసేదాకా నాకు నిద్ర పట్టదు. పాటలకూ వీడియోలకూ ఏళ్ల తరబడి వీఎల్‌సీ అనే ప్లేయర్‌నే వాడుతున్నాను. అయినా ఏదో ఒక ఫైలు మీద రెండుసార్లు నొక్కగానే విండోస్‌తో పాటే వచ్చే విండోస్ మీడియా ప్లేయర్ పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి నిలబడేది. పైగా డిస్కులో చోటు చాలడం లేదు. ఒక ఆదివారం పూట దాని సంగతి తేల్చేద్దామని కూర్చున్నాను.

మామూలు ప్రోగ్రాముల జాబితాలో దాని పేరు లేదు. నాది విండోస్ 10. కంట్రోల్ ప్యానెల్ నుంచి విండోస్ ఫీచర్ల పెట్టె తెరిస్తే, మీడియా ఫీచర్ల కింద చిన్న గడిలో టిక్కు పెట్టుకుని కనిపించింది. టిక్కు తీయగానే ఒక హెచ్చరిక వచ్చింది: దీన్ని ఆపితే ఇతర ఫీచర్ల మీద, ప్రోగ్రాముల మీద ప్రభావం పడవచ్చని. ఇలాంటివి చదివే అలవాటు నాకు తక్కువ. చదివినా నమ్మే అలవాటు అసలే లేదు. సరేనని నొక్కి, రీస్టార్ట్ చేశాను.

ముందుగా చూసుకున్నది డిస్కులో ఖాళీ ఎంత పెరిగిందన్నది. ఏమీ పెరగలేదు. ఆ పెట్టెలో టిక్కు తీయడమంటే ఆపడమే తప్ప చెరిపేయడం కాదట. మళ్లీ అడిగినప్పుడు ఇన్‌స్టలేషన్ డిస్కుతో పని లేకుండా తిరిగి పెట్టడానికి విండోస్ ఆ ఫైళ్లను విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్లో దాచి ఉంచుకుంటుంది. నా మొదటి కారణం అక్కడే గాలికి పోయింది.

మూడు రోజులు ఏ తేడా తెలియలేదు. పాటల ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి. వీఎల్‌సీ తనకు కావలసిన కోడెక్‌లను, అంటే పాటల, వీడియోల ఫైళ్లను విప్పి చదివే సరంజామాను, తనతోనే తెచ్చుకుంటుంది కనుక దానికి చీమ కుట్టినట్టయినా లేదు. బ్రౌజర్లో వీడియోలూ మామూలుగానే వచ్చాయి. కాస్త గర్వపడ్డాను కూడా.

నాలుగో రోజు నా ఉచ్చారణ పాఠాల ప్రోగ్రాము తెరిచాను. చాలా పాతది, దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో వదిలేశారు. పాఠం పేరు మీద నొక్కితే గొంతు వినిపించాలి. దానికి బదులు బూడిదరంగు పెట్టె ఒకటి వచ్చింది. క్లాస్ రిజిస్టర్ కాలేదని, పక్కన 80040154 అనే సంఖ్య. సరే నొక్కితే ప్రోగ్రాము మొత్తం మూతపడింది. తీసేసి మళ్లీ పెట్టాను. అదే పెట్టె, అదే సంఖ్య. ఇంకోసారి పెట్టాను. మీడియా ప్లేయర్‌ను తీసేసిన సంగతి ఆ గంటసేపూ నా బుర్రకు తట్టనే లేదు. సౌండ్ డ్రైవర్‌ను అనుమానించాను, యాంటీవైరస్‌ను అనుమానించాను.

చివరికి ఆ సంఖ్యను పట్టుకుని వెతికితే విషయం బయటపడింది. ఆ ప్రోగ్రాము రాసినాయన సొంతంగా ప్లేయర్ రాసుకోలేదు. విండోస్‌లో ఎలాగూ ఉంటుందన్న ధీమాతో మీడియా ప్లేయర్ కంట్రోల్‌నే, అంటే వేరే ప్రోగ్రాముల్లో పొదుగుకోగల ఆ ప్లేయర్ ముక్కనే, తెచ్చి తన కిటికీలో అమర్చుకున్నాడు. అది ఉండేది డబ్ల్యూఎంపీ.డీఎల్ఎల్ అనే ఫైల్లో. నేను టిక్కు తీసినప్పుడు అదీ పోయింది. ఆ పాఠాల కింద కనిపించే గుండ్రటి నీలం బటన్‌ను కొన్ని వందలసార్లు నొక్కి ఉంటాను. అది ఎవరిదో ఒక్కసారైనా ఆలోచించలేదు.

అక్కడి నుంచి ఇంకేం పోయాయా అని వెతకడం మొదలుపెట్టాను. కంప్యూటర్లోని పాటలను ఇంటి నెట్‌వర్క్ మీద టీవీకి అందించే సేవ ఈ ప్లేయర్‌దే, కనుక టీవీ జాబితాలో కంప్యూటర్ పేరు మాయమైంది. పాత ప్లేలిస్టుల బొమ్మలు తెల్ల కాగితాల్లా మారిపోయాయి. గుండె గుభేలుమంది. ఒకదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచాను. అందులో కొన్ని గుర్తుల మధ్య వరసగా పాటల చిరునామాలు ఉన్నాయి. ఏ ఫోల్డరు, ఏ ఫైలు అన్నది ఒక్కో వరుసలో ఒక్కోటి. ఎన్నో రాత్రులు కూర్చుని కూర్చిన వరస చెక్కుచెదరలేదు, దాన్ని తెరిచే బాధ్యత ఉన్నవాడే లేడు.

అసలు ఈ ప్లేయర్‌ను విండోస్ నుంచి విడదీయడం మీద పెద్ద తగవే నడిచింది. 2004 మార్చిలో యూరోపియన్ కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, ప్లేయర్ లేని విండోస్‌ను కూడా అమ్మాలని ఆదేశించింది. అలా వచ్చినవే ఎన్ ఎడిషన్లు. వాటిలో ప్లేయర్ ఒక్కటే కాదు, దాని కిందనుండే మీడియా సాంకేతికత కూడా ఉండదు. కావాలంటే మీడియా ఫీచర్ ప్యాక్ విడిగా పెట్టుకోవాలి. వాటితో పోలిస్తే నాకు తగిలింది గోటి గాయమే.

వెనక్కి తేవడం తేలికే. అదే పెట్టె, అదే గడి, టిక్కు, రీస్టార్ట్. పాఠాల ప్రోగ్రాము ఏమీ ఎరగనట్టు గొంతు విప్పింది. టీవీకి పంపే అనుమతి మాత్రం మళ్లీ ఇవ్వాల్సి వచ్చింది. ఆ తర్వాత సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్‌ల దగ్గరికి వెళ్లి ఎంపీ3, ఎంపీ4, ఏవీఐ ఫైళ్లను ఒక్కొక్కటిగా వీఎల్‌సీకి అప్పగించాను. మొదటి రోజే చేయాల్సిన పని అది, రెండు నిమిషాలు పట్టింది.

డబ్ల్యూఎంఏ అనే పాటల ఫైళ్ల రకం ఒక్కటి మరిచిపోయాను. నిన్న ఒక పాత పాట మీద నొక్కితే ఆ కిటికీ మళ్లీ తెరుచుకుంది. పాట అయిపోయేదాకా ఉండనిచ్చి మూసేశాను.